గేమ్ మధ్యలో సిస్టమ్ ఆగిపోతోందన్నావు కదా, శీనూ

ఒరేయ్ శీనూ,

నీ మెసేజ్ చదివాను. గేమ్ మొదలెట్టిన పావుగంటకో అరగంటకో సిస్టమ్ టక్కున ఆగిపోతోందనీ, చెన్నై రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో ఒకాయన మదర్‌బోర్డు పోయిందంటే ఇంకొకాయన గ్రాఫిక్స్ కార్డు మార్చమన్నాడనీ రాశావు. ఇప్పుడప్పుడే ఏమీ కొనకురా. ఎలా ఆగుతోందో కూడా అడక్కుండా చెప్పిన మాట మీద అంత డబ్బు పోయడం నాకు మనసొప్పడం లేదు.

ముందు ఎలా పోతోందో చూడు. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తోందా? నీలం తెర వస్తోందా? తెర నల్లబడి కార్డు ఫ్యాన్లు హోరెత్తుతున్నాయా? లేక కరెంటు పోయినట్టు మొత్తం ఆరిపోతోందా? ఒక్కోదానికి కారణం వేరు. నీలం తెర వచ్చినా విండోస్ వెంటనే రీస్టార్ట్ చేసేస్తే నీకు తేడా తెలియదు. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అయ్యే టిక్కు తీసెయ్.

తర్వాత ఈవెంట్ వ్యూయర్, అంటే విండోస్ తన తప్పులు రాసుకునే చిట్టా. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కితే, ఆగిన టైముకి కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా ఒకటి ఉంటుంది. అది చూసి చాలామంది ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్ లోపల కరెంటు అందించే డబ్బా) పోయిందనుకుంటారు. అది చెప్పేదల్లా సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. అసలు సంగతి డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ (ఏ తప్పుతో ఆగిందో చెప్పే అంకె) దగ్గరుంటుంది. 278 అయితే గ్రాఫిక్స్ డ్రైవర్ గానీ కార్డు గానీ, 292 అయితే హార్డ్‌వేర్ ఎర్రర్, 26 అయితే చూపు ర్యామ్ మీద పెట్టు. సున్నా ఉంటే విండోస్‌కి రాసుకునే వ్యవధే దొరకలేదన్నమాట: కరెంటు తెగింది, లేదా సిస్టమ్ బిగుసుకుపోతే నువ్వే రీసెట్ నొక్కావు.

నువ్వు చెప్పినదాన్ని బట్టి నాకు కరెంటు మీదే అనుమానం. నీ 3070 గ్రాఫిక్స్ కార్డు 220 వాట్లు లాగుతుంది, 5600ఎక్స్ ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 76, బోర్డూ ఫ్యాన్లూ ఎస్‌ఎస్‌డీ కలిపి ఒక 50 వేసుకో. మొత్తం 350 దాకా. ఎస్‌ఎంపీఎస్‌లో పోయే నష్టం కూడా కలిపితే గోడ దగ్గర 400 దాటుతుంది, మానిటర్‌కి ఇంకో 30. నీ దగ్గరున్నది 600 వీఏ యూపీఎస్ కదా? అలాంటివి మామూలుగా ఇచ్చేది 360 వాట్లే. బ్రౌజర్ వాడుతున్నంతసేపూ దానికి దిగులే లేదు, గేమ్ పెట్టగానే ఓవర్‌లోడ్. కాబట్టి మొదటి పరీక్ష పైసా ఖర్చు లేనిది: యూపీఎస్ తీసేసి, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న గోడ సాకెట్‌లో నేరుగా పెట్టి ఆడు. ఆరిపోయిన క్షణంలో మానిటర్ లైటు కూడా చూడు. కేబినెట్, మానిటర్ రెండూ యూపీఎస్ మీదే ఉండి, మానిటర్ కూడా ఆరితే తప్పు యూపీఎస్‌ది. మానిటర్ వెలుగుతూ కేబినెట్ ఒక్కటే చచ్చిపోతే లోపలికి వెళ్దాం.

అప్పుడు ఇంకో గుర్తు చూడు. ఆరిపోయాక పవర్ బటన్ నొక్కితే వెంటనే లేస్తోందా, లేక వెనక ఎస్‌ఎంపీఎస్ స్విచ్ ఆపి మళ్లీ వేస్తేనే లేస్తోందా? రెండోదైతే చాలావరకు ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి కట్ చేసుకుంటోందని అర్థం. 350 వాట్లకి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ చాలదా అంటావు. సగటు లెక్కకి చాలుతుంది. కానీ ఈ కార్డులు కొన్ని మిల్లీసెకన్ల పాటు సగటు కంటే చాలా ఎక్కువ లాగుతాయి, పాతబడిన ఎస్‌ఎంపీఎస్ దాన్ని షార్ట్ అనుకుని ఆపేస్తుంది. ఎన్‌విడియా ఈ కార్డుకి 650 వాట్లు ఉండాలని చెప్పింది ఊరికే కాదు. 2022లో ఎస్‌ఎంపీఎస్‌లకి ఏటీఎక్స్ 3.0 ప్రమాణం తెచ్చినప్పుడు ఈ క్షణకాలపు లాగుడుని తట్టుకోవాలని అందులో రాశారు కూడా. మల్టీమీటర్ పెట్టి పసుపు, నలుపు వైర్ల మధ్య 11.4 నుంచి 12.6 వోల్టుల లోపు ఉందో లేదో చూడొచ్చు, కానీ క్షణంలో వోల్టేజీ పడిపోయి లేవడం మీటర్‌కి అందదు. మీటర్ బాగుందన్నంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి అనుకోకు.

కేబినెట్ తెరిచినప్పుడు కార్డు దగ్గర ఆగి నిదానంగా చూడు. రెండు ఎనిమిది పిన్నుల సాకెట్లు ఉంటే, ఒకే కేబుల్‌కి ఉన్న రెండు తలలూ వాటిలో దూర్చారా? ఒక్కో సాకెట్ 150 వాట్ల లెక్కన చేసింది, ఎస్‌ఎంపీఎస్ నుంచి విడివిడిగా రెండు కేబుళ్లు లాగు. కనెక్టర్ పీకి చూస్తే ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగిందా, పిన్ను లోపలికి జారిందా తెలుస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు క్లిక్ మనాలి.

కొనకుండానే అనుమానం తీర్చుకోవడానికి నాకు బాగా నచ్చిన పరీక్ష ఇంకోటుంది. ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో కార్డు పవర్ లిమిట్‌ని 70 శాతానికి దించి, గేమ్‌ని సెకనుకి 60 ఫ్రేములకి కట్టేసి ఆడు. ఆగడం మానేసిందంటే చాలావరకు కరెంటో వేడో అన్నమాట, ముందే డ్రైవర్ జోలికి వెళ్లక్కర్లేదు. ఓసీసీటీ అనే ఒత్తిడి పరీక్షల ప్రోగ్రామ్‌లో ప్రాసెసర్ ఒక్కటే అరగంట, తర్వాత కార్డు ఒక్కటే అరగంట, ఆ తర్వాత రెండూ కలిపి పవర్ టెస్ట్ నడుపు. విడివిడిగా నిలబడి, కలిపితే పడిపోతే ఎస్‌ఎంపీఎస్ మార్చెయ్.

వేడి సంగతి తేల్చడానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉష్ణోగ్రతలు చూపే ప్రోగ్రామ్‌లో లాగింగ్ (అంకెలు ఫైల్‌లో రాయడం) పెట్టి ఆడు, ఆగాక ఆ ఫైల్ చివరి వరసలు చూడు. నీ ప్రాసెసర్ హద్దు 95 డిగ్రీలు. కార్డులో కోర్‌కీ, అందులో అన్నిటికంటే వేడెక్కే చోటైన హాట్‌స్పాట్‌కీ మధ్య తేడా 25 డిగ్రీలు దాటితే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. మే నెలలో మీ గది 36 ఉంటే, ఇక్కడ బెంగళూరులో 27 డిగ్రీల గదిలో కనిపించే అంకెలకి ఇంచుమించు ఆ తొమ్మిదీ కలుస్తాయి. పక్క పలక తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడితే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ కింద ఉండే దుమ్ము జాలీని మాత్రం ఎవరూ కడగరు, అది చూడు.

గేమ్ మూసుకుపోవడమో, రకరకాల కోడ్‌లతో నీలం తెరలు రావడమో అయితే దారి వేరు. మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగ్) ఆపి ఆడు. రెండు ర్యామ్ స్టిక్‌లు ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి నాలుగు పాస్‌లు నడుపు, ఒక్క ఎర్రర్ వచ్చినా ఒప్పుకోవద్దు, ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూడు. తిరువాన్మియూర్‌లో సముద్రం పక్కనే ఉన్నావు, ఆ గాలికి కాంటాక్ట్‌లు మసకబారతాయి. పవర్ ప్లగ్ పీకేసి, ర్యామ్ తీసి బంగారు రంగు అంచుని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరాక పెట్టు.

బగ్‌చెక్ కోడ్ 278 వస్తేనే డ్రైవర్. నెట్ ఆపి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్లు తీసేసే టూల్‌తో పాతది పూర్తిగా తీసేసి కొత్తది వెయ్యి.

మీ బావమరిది ఇంటెల్ 14700కే ప్రాసెసర్ ఉన్న సిస్టమ్ కూడా గేమ్ తెరవగానే వీడియో మెమరీ చాలలేదంటోందన్నావు. అది కార్డు తప్పు కాకపోవచ్చు. ఇంటెల్ 13, 14 తరాల్లో ఎక్కువ వోల్టేజీ వల్ల చిప్ అరిగిపోయే సమస్య ఉంది. 2024లో వచ్చిన 12బి మైక్రోకోడ్ (ప్రాసెసర్‌కి ఇంటెల్ ఇచ్చే సవరణ) గానీ, దాని తర్వాతది గానీ ఉన్న బయోస్ వేయమను. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అది బాగుచేయదు, కానీ బాక్స్‌లో విడిగా కొన్న ప్రాసెసర్లకి ఇంటెల్ వారంటీని రెండేళ్లు పెంచింది, బిల్లు వెతకమను.

ఏం చేసినా ఒకసారికి ఒక్కటే మార్చు, మార్చింది కాగితం మీద రాసుకో. ఎస్‌ఎంపీఎస్ కొనాల్సే వస్తే 650 లేదా 750 వాట్లది తీసుకుని, పాతదాని మాడ్యులర్ కేబుళ్లు అన్నీ పీకేసి, కొత్తదానితో వచ్చినవే వాడు. తలలు ఒకేలా ఉన్నా లోపల పిన్నుల వరస కంపెనీకో రకం, తప్పు కేబుల్ పెడితే ఎస్‌ఎస్‌డీ కాలిపోవచ్చు. యూపీఎస్ లేకుండా ఆడి చూశాక, ఆ 41 డీటెయిల్స్ ఫోటో తీసి ఈ రాత్రికే పంపు.

నీ
రవి