నిజాయితీకి నాలుగు మార్కులు

ఎడిటర్ గారికి,

పోయిన వారం మీ పేపర్లో పిల్లల్లో విలువలు పడిపోతున్నాయని ఏదో సదస్సులో పెద్దలంతా బాధపడ్డారని రాశారు. చదివి ఊరుకుందామనుకున్నా గానీ నాలుగు రోజులైనా మంట తగ్గట్లా, అందుకే రాస్తున్నా.

మా మనవడు అయిదో క్లాసు. వాడికి మోరల్ సైన్స్ అని ఒక సబ్జెక్టు, దానికో పుస్తకం, నోట్సు, యూనిట్ టెస్టు. "నిజాయితీ అనగానేమి?" అని నాలుగు మార్కుల ప్రశ్న వస్తే వీడు పక్కోడి పేపర్లో చూసి రాశాడంట. నాలుక్కి నాలుగు! నాకే చెప్పి పడీపడీ నవ్వుతున్నాడు.

అదే సంక్రాంతి సెలవుల్లో వైకుంఠపాళి పరిస్తే, వీడు గవ్వని చిటికెన వేలితో మెల్లగా తిప్పేశాడు. చెల్లెలు ఏడేళ్ళది, "తాతయ్యా, అన్నయ్య తొండి!" అని ఇల్లెగిరిపోయేలా అరిచి కాయలన్నీ చెరిపేసింది. అరగంట వాడితో ఎవ్వరూ ఆడలా. బతిమాలుకుని మళ్ళీ ఆటలోకొచ్చాక చూడాలి, గవ్వలు గిలకరించి చెయ్యి పైకెత్తి అందరికీ కనపడేలా వేశాడు. పక్కింటి బుడ్డోణ్ణి ఆటలో అరటిపండుగా కూడా వాళ్ళే కలుపుకున్నారు, నేనేం చెప్పలా.

మా చిన్నప్పుడు వైకుంఠ ఏకాదశి జాగారానికి ఇదే ఆట. భక్తి నిచ్చెన ఎక్కితే బ్రహ్మలోకం, జ్ఞానం ఎక్కితే కైలాసం, పైదాకా వచ్చి హమ్మయ్య అనుకునేలోపు అరుకాషుడనే పెద్ద పాము మింగితే సరాసరి అడుక్కి. ఇప్పుడు షాపుల్లో దొరికేదాంట్లో 1 నుంచి 100 దాకా అంకెలే, ఎందుకు మింగిందో ఆ పాముకీ తెలీదు.

కాయితాల మీద మాత్రం కొదవలేదు. 2020 జాతీయ విద్యా విధానంలో బ్యాగు లేని రోజులు పది పెట్టమన్నారు, 2023లో కేంద్రం జాదూయి పిటారా అని చిన్నపిల్లలకి ఆటవస్తువుల పెట్టె తెచ్చింది, మన ఆంధ్రాలో చాగంటి గారిని నైతిక విలువల సలహాదారుగా పెట్టారు, ఆయనంటే నాకూ గౌరవమే. కానీ గేమ్స్ పీరియడ్ వచ్చేసరికి లెక్కల సారు లాగేసుకుంటుంటే ఎవరి సలహా ఏం చేస్తుందండీ? బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది, మావాడి బడేమో నాలుగంతస్తుల బిల్డింగు, కింద సెల్లార్లో స్కూటర్లు. ఇన్‌స్పెక్షన్‌కొచ్చినోళ్ళకి గ్రౌండు ఎక్కడ కనపడిందో మరి!

పోనీ సాయంత్రం పార్కుకి తీసుకెళ్దామంటే గేటు మీద "ఆటలు ఆడరాదు" అని బోర్డు. పేరు మళ్ళీ చిల్డ్రన్స్ పార్కు! లోపలంతా మాలాంటి షుగరు పేషెంట్లు రౌండ్లు కొడుతుంటారు.

సదస్సులో అంతసేపు బాధపడ్డ పెద్దలు ఒక్క శనివారం వచ్చి ఆ బోర్డు పీకించండి చాలు. పటం, గవ్వలు నేను తెస్తా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గుమాస్తా, గుంటూరు