గంజాయికి రకం పేరు కాదు, మత్తు శాతం ఎంతో చెప్పాలి

సంపాదకులకు,

అయ్యా,

గంజాయి పట్టివేత వార్తల్లో ‘మేలురకం శీలావతి’ అనీ, ఫలానా నగరంలో కిలో ఇంత పలుకుతుందనీ తరచూ చదువుతున్నాం. మిర్చి యార్డు ధరవరల్లా అచ్చవుతున్న ఈ వివరాలు ఎవరికి పనికొస్తున్నాయో ఆలోచించమని మనవి. సరుకు మేలైనదని చెప్పేది అమ్మేవాడు. ఆ మాటే పోలీసు ప్రకటన మీదుగా పత్రికలోకి వస్తోంది. ఆ ధర చూసి ఆశపడి మూట మోయడానికి ఒప్పుకునే ఏజెన్సీ కుర్రాడికి దక్కేది కూలి డబ్బులే గానీ, 20 కిలోలు దాటితే పదేళ్లకు తగ్గని జైలు మాత్రం అతనికే పడుతుంది.

వృక్షశాస్త్రం బోధించినవాడిగా రకాల సంగతి కొంత చెప్పాలి. భారతదేశం నుంచి వెళ్లిన నమూనాలను పరిశీలించిన ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్, ఐరోపాలో నార కోసం పెంచే మొక్క కంటే ఇది వేరని భావించి 1785లో దీనికి ‘కన్నబిస్ ఇండికా’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు విదేశీ దుకాణాలు ‘ఇండికా’ అని అమ్ముతున్నది చాలావరకు హిందూకుష్ పర్వత ప్రాంతపు పొట్టి, వెడల్పాకు మొక్కల సంతతి. మన ఆంధ్రా-ఒడిశా సరిహద్దు కొండల్లో దొంగచాటుగా సాగయ్యేది మనిషెత్తు దాటే సన్నాకు మొక్క. భారతదేశపుదే అయినా ఆ దుకాణాల లెక్కలో అది ‘ఇండికా’ కాదు! ఇండికా హాయిగా నిద్రపుచ్చుతుందనీ, సెటైవా అనే మరో రకం హుషారునిస్తుందనీ ఇంటర్నెట్ నుంచి హాస్టళ్ల దాకా పాకిన నమ్మకానికి కూడా ఈ దుకాణాల పేర్లకు మించిన పునాది లేదు.

మత్తు వచ్చేది ఆడపూల కంకుల మీది జిగురులో ఉండే మత్తు పదార్థం టీహెచ్‌సీ వల్ల. ఇజ్రాయెల్‌లో మెషూలమ్, గావోనీ అనే శాస్త్రవేత్తలు 1964లో దాన్ని విడదీసి నిర్మాణం తేల్చారు. అది ఎంత పాళ్లలో ఉంది, తోడుగా మత్తెక్కించని మరో పదార్థం సీబీడీ ఎంత ఉంది, ఎంత తాగారు, తాగినవారి వయసెంత అన్నవాటిని బట్టే ఫలితం ఉంటుంది. గుండె వేగం పెరగడం, కళ్లు ఎర్రబడటం, కాలం సాగినట్టు అనిపించడం, ఇప్పుడే చదివిన పేజీ మరుక్షణం గుర్తుకు రాకపోవడం మామూలు. మోతాదు పెరిగితే భయం, అనుమానం పట్టుకుంటాయి. చిన్న వయసులో మొదలుపెట్టి, బలమైన సరుకును తరచూ తాగేవారికి తీవ్రమైన మానసిక వ్యాధి ముప్పు ఎక్కువని పలు దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. ఇక నిద్ర సంగతంటారా, రోజూ తాగి మానేసినవారికి మొదట కరువయ్యేది అదే. ఆ నిద్ర కోసమే మళ్లీ దాని దగ్గరికి వెళతారు.

ప్రభుత్వం చేయవలసిన పని ఒకటుంది. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక ఎన్‌డీపీఎస్ చట్టానికి గంజాయి తూకమే ప్రమాణం: కిలో స్వల్పం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. నమూనా గంజాయేనని ప్రయోగశాల ధ్రువీకరిస్తే కేసుకు చాలు. మత్తు బలం ఎంతన్నది శిక్షకు అవసరం లేదు. కానీ వైద్యానికి అవసరం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. అలాంటి గుట్టల్లోంచి తీసిన నమూనాల్లో టీహెచ్‌సీ శాతం ఏటా కొలిచి ప్రకటిస్తే, తమ దగ్గరకు వస్తున్న కుర్రాళ్లు ఎంత బలమైన సరుకు తాగుతున్నారో డీ-అడిక్షన్ కేంద్రాల వైద్యులకు తెలుస్తుంది. ఇదీ ప్రచారమే అవుతుందని కొందరు అనవచ్చు. అందుకే ఊరు, రకం పేర్లు లేకుండా రాష్ట్రం మొత్తానికి సగటు చెబితే చాలు. 2024లో ఏర్పడిన రాష్ట్ర మాదకద్రవ్యాల నిరోధక పోలీసు విభాగం ఈగల్ ఈ బాధ్యత తీసుకోవాలి.

మీ పత్రిక చేయగలిగింది ఇంకా తేలిక. పట్టివేత వార్త చివర కిలో ధర వేసే చోట ఈగల్ టోల్‌ఫ్రీ నంబరు 1972ను, ఆ జిల్లాలోని డీ-అడిక్షన్ కేంద్రం చిరునామా, వేళలను ప్రచురించండి.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
నర్సీపట్నం