బడికొచ్చే అధికారి పాఠం కూడా వినాలి

సంపాదకుల వారికి,

పాఠశాల విద్యాశాఖను ప్రక్షాళన చేస్తామని అనని ప్రభుత్వం లేదు. 2022లో 117 జీవో తెచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లకు తరలించారు. 2025లో దాన్ని రద్దు చేసి, బడుల్ని తొమ్మిది రకాలు చేశారు. బోర్డులు రాసే పెయింటర్లకు మాత్రం చేతినిండా పని దొరికింది.

నేను ఈ జిల్లాలోనే ప్రాథమిక పాఠశాల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా బడికొచ్చిన అధికారులు మర్యాదగానే మాట్లాడేవారు, ఆ మాట చెప్పాలి. కానీ రిజిస్టర్లు చూసేవారు, గుడ్ల లెక్క అడిగేవారు, మరుగుదొడ్డి ఫొటో యాప్‌లో ఎక్కించారా అనేవారు. గుణింతాలన్నీ వచ్చిన పిల్ల ఒత్తుల దగ్గర ఆగిపోతోంది, ఏం చేయమంటారని అడిగేలోపే బండి స్టార్ట్ చేసేవారు. ఒక్క టీచరే అన్ని తరగతుల్నీ కూర్చోబెట్టుకునే బడికి, ఒక పూట ఉండి తానూ పాఠం చెప్పి చూపించే మనిషి కావాలి.

అలాంటి మనుషులు లేరా అంటే, ఉన్నారు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత జిల్లాకో డైట్ (జిల్లా విద్యా శిక్షణ సంస్థ) పెట్టారు. మనది భీమిలిలో ఉంది. కాబోయే టీచర్లను తయారుచేయడంతో పాటు, పనిలో ఉన్నవాళ్లకు అండగా నిలవడమూ దాని పనే. కొన్ని బడులు కలిపిన క్లస్టర్లలో, టీచర్లకు సాయపడే సీఆర్పీలను (ఇప్పుడు సీఆర్‌ఎంటీలంటున్నారు) పెట్టిందీ అందుకే. పాపం, కాంట్రాక్టు జీతం మీద వివరాలు పోగుచేయడంతోనే వాళ్లకు పొద్దు గడిచిపోతుంది. వాళ్లను తప్పుపట్టను.

జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప చదువుతో సంబంధం లేని పనులు టీచర్లకు అప్పజెప్పొద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. యాప్‌లకు అది వర్తించదనుకున్నారేమో!

పిల్లల వివరాలు ఏటా, బడుల లెక్కలన్నీ ఉండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్‌లో ఎక్కుతూనే ఉన్నాయి. ఏ ఆఫీసుకు కావాలన్నా అక్కడి నుంచే తీసుకోవాలి. బడిని మళ్లీ అడగకూడదు. సీఆర్‌ఎంటీల్ని ఆ పని నుంచి తప్పించి తరగతి గదుల్లోకి పంపాలి. డైట్ లెక్చరర్లకు తలా కొన్ని బడులు అప్పగించాలి. తనిఖీ ఫారంలో ‘ఏ పాఠం విన్నారు, టీచరుకు ఏం సాయం చేశారు’ అనే గడి ఒకటి పెట్టాలి. అది నింపకపోతే సంతకం చెల్లదనాలి.

2025 మెగా డీఎస్సీలో నెగ్గిన కొత్త టీచర్లున్న బడులతోనే ఇది మొదలుపెట్టమని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
మద్దిలపాలెం, విశాఖపట్నం