ట్యాంకు మూతల సంగతి దాచకుండా చెప్తున్నా

సంగమేశ్వరం, సుంకేసుల వైపు మోటారు బోట్లు తిప్పే అన్నలకు,

ఈ ఎండాకాలం నా కర్నూలు షాపులో గాలి స్క్రూ (తిప్పితే ట్యాంకులోకి గాలి పోయేది, ఆవిరి వచ్చేది) లేని పెట్రోల్ ట్యాంకు మూతలు కొన్నోళ్లు వాటిని వెనక్కి తెచ్చియ్యండి. స్క్రూ ఉండే పాత రకం ఇస్తా, రూపాయి అడగను.

ఒకాయన మోటారు రిపేరుకిచ్చి, ట్యాంకు కూడా పైపు పీకకుండా నా రేకుల షెడ్డులో పెట్టి పోయినాడు. అన్నం తినొచ్చేసరికి ట్యాంకు గుమ్మడికాయ మాదిరి ఉబ్బింది. ఆ ఒత్తిడికి పెట్రోలు మోటారులోకి ఎక్కి, కార్బురేటర్ నుంచి కారి కింద బండలు తడిసినాయి. పక్క షాపులో వెల్డింగ్! ఇప్పుడు తల్చుకున్నా చేతులు చల్లబడతాయి.

సరుకు పంపినాయన "ఆటోమేటిక్ అన్నా, తిప్పే పనే లేదు" అన్నాడు. సగం నిజం. అమెరికాలో 2011 నుంచి ఉన్న రూలు ప్రకారం అట్లాంటివి టైరు లెక్కలో 5 పాయింట్ల దాకా ఆవిరిని బయటికి వదలవు. దానికి తగ్గ మందం ట్యాంకుండాల. మన పాత పల్చటి డబ్బాలకు అవి పెట్టకూడదని ఒక్క మాట చెప్పలేదు. పైగా కొన్ని గాలిని లోపలికి కూడా తీసుకోవు. ఒక తమ్ముడికి నీళ్ల నడుమ, పైపులో పెట్రోలు పంపు చేసే రబ్బరు బల్బు చప్పిడై మోటారు ఆగిపోయింది. సరుకు పంపినాయనకు ఫోన్ చేస్తే "మీవాళ్లకు వాడటం రాదు" అంట. ఇరవై ఏళ్లుగా మోటార్లు విప్పేవాడితో! ఆ మాట, టీ కొట్టు దగ్గర ఎవరో నన్ను "డూప్లికేట్ అమ్మినాడు" అన్న మాట, రెండూ నిద్ర పట్టనీలేదు. అమ్మినవన్నీ వెనక్కి తీసుకుంటే ఈ సీజను లాభం పోతుంది. మూడు రాత్రులు లెక్కలేసుకున్నా. పోనీ అనుకున్నా. ఆ సరుకు పంపినాయన దగ్గర మాత్రం ఇంక వాషరు కూడా కొనను.

స్క్రూ మూతయినా ఎండలో బిగించి పెడితే ఉబ్బుతుంది, కాకపోతే ఆవిరిని చేత్తో వదలొచ్చు. మోటారు నడిచేటప్పుడు స్క్రూ తెరవండి, బండిలో తెచ్చేటప్పుడు బిగించండి, ఆపినాక పైపు పీకండి. అంచు దాకా నింపొద్దు. నింపేది గట్టు మీద, నేల మీద పెట్టి. పడవలో పోస్తే ఆవిరి అడుగునే కూర్చుంటుంది. ఉబ్బిన ట్యాంకును ఆరుబయట నీడకు మార్చి, చల్లారినాక మెల్లగా వదలండి. బీడీ ఉన్నోళ్లు దూరం.

ఇంకోటి, కోపం చేసుకోవద్దు: ఇకమీదట పెట్రోలున్న ట్యాంకును షెడ్డులో పెట్టనీను. బామ్మర్దిదైనా సరే. ఖాళీ చేసి తెండి.