హాంప్‌షైర్ యజమానులకు ఒక విన్నపం

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ కౌంటీ క్రికెట్ క్లబ్‌ను జీఎంఆర్ గ్రూప్ కొంటున్నట్లు 2024 సెప్టెంబరులో ప్రకటన వచ్చింది. ఒక కౌంటీ క్లబ్ విదేశీ యాజమాన్యంలోకి వెళ్లడం అదే మొదటిసారి. ఆ సంస్థ అధినేత మా రాజాం వారు కావడంతో ఇక్కడ అందరం సంతోషించాం. అయితే ఎన్ని కోట్లకు కొన్నారన్న చర్చే తప్ప, చేతికి వచ్చిందేమిటో ఎవరూ మాట్లాడుకోలేదు.

హాంప్‌షైర్‌లో హాంబుల్డన్ అనే ఊరుంది. 18వ శతాబ్దంలో ఆ ఊరి జట్టు ఇంగ్లండ్ మొత్తాన్ని ఎదిరించి ఆడేది. అప్పట్లో వికెట్‌కు రెండే స్టంపులు. 1775లో హాంబుల్డన్ ఆటగాడు జాన్ స్మాల్‌కు వేసిన బంతి మూడుసార్లు ఆ రెండింటి మధ్య నుంచి దూసుకుపోయినా అతను ఔట్ కాలేదు. బౌలర్‌కు ఇది అన్యాయమని ఆ తరువాత మూడో స్టంపు చేర్చారు. మన పిల్లలు గోడ మీద బొగ్గుతో గీసుకునే మూడు గీతలకు మూలం అదే.

1863లో ఏర్పడిన హాంప్‌షైర్ క్లబ్‌కు ఫిల్ మీడ్ ఒక్కడే 48,892 ఫస్ట్‌క్లాస్ పరుగులు చేశాడు. ఒకే జట్టుకు అన్ని పరుగులు చేసినవారు ప్రపంచంలో మరొకరు లేరు. నాకు మాత్రం వీటన్నిటికన్నా 1922 జూన్‌లో ఎడ్జ్‌బాస్టన్‌లో జరిగిన మ్యాచ్ గొప్పది. వార్విక్‌షైర్ 223 పరుగులు చేస్తే, హాంప్‌షైర్ 15 పరుగులకే కుప్పకూలింది. ఎనిమిది మంది సున్నాకే ఔటయ్యారు. ఫాలోఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్) ఆడి, రెండో ఇన్నింగ్స్‌లో 521 పరుగులు చేసింది! జార్జ్ బ్రౌన్ 172 కొట్టాడు. పదో స్థానంలో దిగిన వికెట్‌కీపర్ వాల్టర్ లివ్సీ 110 పరుగులతో అజేయంగా నిలిచాడు. కెప్టెన్ టెన్నిసన్ దొరకు అతను ఇంట్లో సేవకుడు కూడా. చివరికి హాంప్‌షైర్ 155 పరుగుల తేడాతో గెలిచింది.

అది మూడు రోజుల మ్యాచ్. పడినవాడు లేవడానికి వ్యవధి ఉన్న ఆట కాబట్టే అది సాధ్యమైంది. ఇప్పుడు కౌంటీ మ్యాచ్ నాలుగు రోజులది. కాని 2021లో ఒక్కో జట్టు వంద బంతులే ఆడే ‘ది హండ్రెడ్’ పోటీ మొదలయ్యాక ఆగస్టు నెల చాలావరకు దానికే పోతోంది. ఎండ కాసి, పిచ్ పొడిబారి, స్పిన్నర్ చేతికి పని దొరికే రోజులవి. పిల్లలకు బడి సెలవులు కూడా అప్పుడే. నాలుగు రోజుల ఆటకు ఎక్కువగా ఏప్రిల్ చలి, సెప్టెంబరు మంచు మిగులుతున్నాయి. ఇది నాకు బాధ కలిగిస్తోంది.

18 కౌంటీల్లో 15 క్లబ్బులకు సభ్యులే యజమానులు. మార్పులు నచ్చకపోతే వారు ఓటుతో అడ్డుకోగలరు. హాంప్‌షైర్ అలాంటిది కాదు, అక్కడ నిర్ణయం యజమానిదే. హండ్రెడ్‌లోని సదరన్ బ్రేవ్ జట్టు కూడా ఇప్పుడు ఇదే సంస్థ చేతిలో ఉంది. కాబట్టి వారి మాటకు రెండు వైపులా విలువ ఉంటుంది. ఆగస్టులో కనీసం ఒక్క నాలుగు రోజుల కౌంటీ చాంపియన్‌షిప్ మ్యాచ్ అయినా ఉండాలని వారు కౌంటీల సమావేశాల్లో గట్టిగా అడగాలని కోరుతున్నాను. అజహరుద్దీన్ డెర్బీషైర్‌కు, లక్ష్మణ్ లాంకాషైర్‌కు, విహారి వార్విక్‌షైర్‌కు ఆడారు. ఆంధ్ర, హైదరాబాద్ రంజీ జట్ల కుర్రాళ్లకు హాంప్‌షైర్‌లోనూ అలాంటి అవకాశం ఇవ్వాలి.

మీ క్రీడా పేజీలో వచ్చే ఏప్రిల్ నుంచి హాంప్‌షైర్ స్కోరుకు రెండు వరుసల చోటు ఇవ్వగలరా?

ఇట్లు,
ఒక పాఠకుడు,
రాజాం, విజయనగరం జిల్లా