లాప్‌ల్యాండ్‌కి పిల్లల్ని తీసుకొస్తున్నారా? ముందు బట్టల సంగతి చూడండి

సంపాదకులకు నమస్కారం.

నవంబరు వచ్చిందంటే మన పత్రికల టూరిజం పేజీల్లో ఫిన్లాండ్ ఉత్తర భాగమైన లాప్‌ల్యాండ్ ఫొటోలు మొదలవుతాయి. ఆకాశమంతా ఆకుపచ్చ వెలుగులు, గాజు గదిలో పడుకుని వాటిని చూస్తున్న జంట, శాంతాక్లాజ్ పక్కన నిలబడ్డ పిల్లాడు. అన్నీ నిజమే, ఇక్కడ ఉన్నవే. కానీ ఆ వ్యాసాలు చదివి, ట్రావెల్స్ వాళ్ల దగ్గర ప్యాకేజీ కొనుక్కుని, చిన్నపిల్లల్నీ పెద్దవాళ్లనీ వెంటబెట్టుకుని వచ్చే మనవాళ్లని ఉత్తర ఫిన్లాండ్‌లో ఏటా చూస్తున్నాను. పిల్లాడి కాళ్లకి ఏం తొడగాలో మాత్రం ఏ వ్యాసంలోనూ కనబడదు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన చలికాలం లాప్‌ల్యాండ్‌లోని రొవానియెమి స్టేషన్‌లో హెల్సింకి నుంచి వచ్చే రాత్రి రైల్లోంచి హైదరాబాద్ కుటుంబం ఒకటి దిగింది. బయట మైనస్ ఇరవై దాటింది. ఆరేడేళ్ల బాబు జీన్స్ ప్యాంటు, స్పోర్ట్స్ షూస్, పైన ఎప్పుడో మనాలీ కోసం కొన్న జాకెట్ వేసుకున్నాడు. ట్యాక్సీ వచ్చేలోపే కాళ్లు నొప్పని ఏడుపు మొదలుపెట్టాడు. వాళ్లమ్మ ఆ షూస్ విప్పి, పాదాలు తన జాకెట్ లోపల పెట్టుకుని కూర్చుంది. “బట్టలన్నీ అక్కడే ఇస్తారన్నారండీ” అన్నారు తండ్రి. ఇస్తారు, నిజమే. కుక్కల బండి ఎక్కినప్పుడో, స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) సఫారీకి వెళ్లినప్పుడో ఒంటినంతా కప్పే మందపాటి ఓవరాల్, బూట్లు ఇచ్చి, సఫారీ అవగానే వెనక్కి తీసుకుంటారు. మిగతా రోజంతా, స్టేషన్ నుంచి హోటల్‌కి, హోటల్ నుంచి బస్టాప్‌కి, శాంతా విలేజ్‌లో క్యూలో, వేసుకోవాల్సింది మనం తెచ్చుకున్నవే. ఈ ఒక్క ముక్క డబ్బు కట్టించుకునే ముందు ఎవరూ చెప్పరు. నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇక్కడి చలి మనం ఊహించుకునే చలి కాదు. డిసెంబరు, జనవరిల్లో మైనస్ పది, పదిహేను మామూలు. మైనస్ ముప్పై వచ్చినా ఊళ్లో ఎవరూ వింతగా చెప్పుకోరు. 1999 జనవరి 28న కిట్టిలా ప్రాంతంలోని పొక్కా అనే పల్లెలో మైనస్ 51.5 డిగ్రీలు నమోదైంది, ఈ దేశంలో అదే రికార్డు. మన ఇంట్లో కొబ్బరినూనె గడ్డకట్టేది 24 డిగ్రీల దగ్గర, దాన్నిబట్టి ఆలోచించుకోండి.

అయినా ఇక్కడి పసిపిల్లలు ఈ చలిలోనే రోజూ మంచులో దొర్లుతుంటారు. వాళ్ల ఒళ్లేమీ ఇనుముతో చేసింది కాదు, తేడా అంతా బట్టల్లోనే ఉంది. ఒంటికి తగిలే పొర కాటన్ అసలు కాకూడదు. కాటన్ చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడే చలిని లోపలికి తెస్తుంది. మెరినో ఉన్నివి గానీ మంచి థర్మల్స్ గానీ లోపల, వాటి మీద ఫ్లీస్ లేదా స్వెటర్, అన్నిటికీ పైన గాలీ మంచూ చొరబడని ఓవరాల్. జీన్స్ ఇంట్లోనే వదిలేసి రండి. బూట్లు కొలతకి సరిగ్గా ఉంటే చాలదు, ఒకటి రెండు సైజులు పెద్దవి కావాలి, ఎందుకంటే ఉన్ని సాక్సు వేసుకున్నాక కూడా వేళ్లు ఆడాలి. బిగుతుగా ఉంటే ఎంత ఖరీదైన బూటైనా వేళ్లు కొంకర్లు పోతాయి. చేతులకి ఐదు వేళ్ల గ్లౌజుల కన్నా వేళ్లన్నీ ఒకే సంచిలో ఉండేవి మేలు. అమ్మలకీ అత్తయ్యలకీ ఇంకో మాట: మెట్టెలు, పెద్ద చెవి దిద్దులు, బిగుతు గాజులు ఆ కొద్ది రోజులూ తీసి హోటల్లో పెట్టేయండి. లోహం చలిని నేరుగా చర్మానికి అంటిస్తుంది. సెంటిమెంట్ ఉంటుందని తెలుసు, అయినా అంటున్నాను.

ఇవన్నీ కొనాలని కూడా లేదు, రొవానియెమిలో ఓవరాల్స్, బూట్లు రోజుల లెక్కన అద్దెకి దొరుకుతాయి. ముందే కొలతలు పంపి బుక్ చేసుకుని, దిగగానే మొదట అక్కడికే వెళ్లండి. లోపలి థర్మల్స్, ఉన్ని సాక్సులు మాత్రం ఇంటి దగ్గరే కొనుక్కుని సూట్‌కేసులో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి, లగేజీ ఒక్కోసారి ఒకరోజు ఆలస్యంగా వస్తుంది.

బయట ఉన్నంతసేపూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండాలి. ముక్కు కొన మీదో బుగ్గ మీదో పాలిపోయిన తెల్ల మచ్చ కనబడితే వెంటనే లోపలికి వెళ్లాలి. వెచ్చటి అరచేయి దానిమీద ఆనించి ఉంచాలి, రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. ఆస్తమా ఉన్నవాళ్లకి ఈ గాలి చాలా కష్టం, ఇన్‌హేలర్ లోపలి జేబులో ఒంటి వేడి తగిలేలా పెట్టుకోవాలి. గుండె జబ్బు, బీపీ ఉన్న పెద్దవాళ్లు డాక్టర్‌ని అడగకుండా రావద్దు. చలి కన్నా వాళ్లకి పెద్ద గండం జారిపడటం. చెప్పుల షాపుల్లో బూటు కిందికి తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు దొరుకుతాయి, కొనివ్వండి.

ఇక ఎప్పుడు రావాలి అన్నది. డిసెంబరు 21 ప్రాంతంలో రొవానియెమిలో పగలు రెండు గంటల చిల్లర, ఇంకా ఉత్తరాన ఉత్స్‌యోకిలో అయితే నవంబరు ఆఖరు నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు అసలు పైకే రాడు. మధ్యాహ్నం కాసేపు నీలంగా వెలుతురు పరుచుకుంటుంది, అది చాలా అందంగా ఉంటుంది, కానీ చిన్నపిల్లలు మూడింటికే నిద్రకి వాలిపోతారు. రోజుకి ఒక్క కార్యక్రమం పెట్టుకోండి, ప్యాకేజీ వాళ్లు మూడు పెట్టినా సరే. సంక్రాంతి సెలవుల నాటికి వెలుతురు నాలుగు గంటలకు పెరుగుతుంది, క్రిస్మస్ రద్దీ పోయి హోటల్ ధరలూ దిగుతాయి. ఫిబ్రవరి చివర, మార్చి అయితే నా దృష్టిలో అన్నిటికన్నా మంచి కాలం, కానీ మన పిల్లలకి అవి పరీక్షల రోజులు. మంచు లేకపోయినా ఫర్వాలేదు, ఆకాశంలో ఆ ఆకుపచ్చ వెలుగులు చూస్తే చాలు అనుకునేవాళ్లు దసరా సెలవులకి రండి. ఆ వెలుగులు సెప్టెంబరు నుంచే కనిపిస్తాయి, చలీ భరించేంతగానే ఉంటుంది. ఏ నెలలో వచ్చినా మబ్బు పట్టిందంటే ఏమీ కనబడదు, దానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఇస్తామంటే నమ్మకండి.

తిండి విషయంలో మనవాళ్లు చాలా జాగ్రత్తగానే సర్దుకుంటారు, కానీ విమానాశ్రయంలో తీసి పారేయించుకునేవీ అవే. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తేకూడదు. అంటే నెయ్యి, పాలకోవా, మటన్ పచ్చడి కుదరవు. పచ్చి కరివేపాకుకీ సర్టిఫికెట్ కావాలి. ఆవకాయ, కందిపొడి, పులిహోర పేస్టు హాయిగా తెచ్చుకోండి. శాకాహారులకి చిన్న ఊళ్లలో హోటల్ భోజనం కష్టం కాబట్టి వంటగది ఉన్న కాటేజీ తీసుకుంటే టెన్షన్ తగ్గుతుంది. క్రిస్మస్ ముందురోజు మధ్యాహ్నం నుంచి చాలా షాపులు మూసేస్తారు, బస్సులూ బాగా తగ్గిపోతాయి, సరుకులు ముందే కొని పెట్టుకోండి.

వీసాకి ఎలాగూ కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి కదా, ఆ పాలసీలో స్నోమొబైల్, స్కీయింగ్ ప్రమాదాలు కవర్ అవుతాయో లేదో చదవండి, చాలావాటిలో విడిగా చేర్చుకోవాలి. చీకట్లో నడిచేవాళ్లు ఒంటి మీద రిఫ్లెక్టర్ పెట్టుకోవాలని ఇక్కడ చట్టమే ఉంది. పిల్లల ఓవరాల్‌కి రెండు వైపులా తగిలించండి. ఎమర్జెన్సీ నంబరు 112.

అయ్యా, మీ పేజీల్లో ఈ యాత్రల ప్రకటనలు వస్తున్నాయి కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. ఈసారి లాప్‌ల్యాండ్ వ్యాసం వేసేటప్పుడు పక్కన ఒక చిన్న బాక్సులో బట్టల సంగతి, పగటి వెలుతురు ఎన్ని గంటలుంటుందో ఆ సంగతి తప్పకుండా వేయండి. పాఠకులు కూడా అడ్వాన్స్ కట్టే ముందు ట్రావెల్స్ వాళ్లని ఓవరాల్, బూట్లు ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఇస్తారో, పిల్లల సైజులు ఉన్నాయో లేదో కాగితం మీద రాసిమ్మని అడగాలి.

— ఒక తెలుగు పాఠకురాలు, ఔలు, ఫిన్లాండ్