కేసు షీటు చదివే పని గురించి అమ్మాయికి

బ్రాడీపేట, గుంటూరు

చి. ల. సౌ. మాధవిని నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అమ్మ, నేను క్షేమం. మీ ముగ్గురి క్షేమం తెలియజేస్తుండగలవు.

పోయిన ఆదివారం నువ్వు ఫోనులో అడిగిన దానికి అప్పటికప్పుడు జవాబు చెప్పడం నాకు మనస్కరించలేదు. తొమ్మిదేళ్ళు ఐసీయూలో నర్సుగా పనిచేసిన తరువాత లీగల్ నర్స్ కన్సల్టెంట్‌గా, అంటే ఆసుపత్రి రికార్డులు చదివి వాటిలో ఏముందో లాయర్లకు చెప్పే నర్సుగా, మారాలనుకుంటున్నావు. శిక్షణ ఎక్కడ తీసుకోవాలి, తీసుకున్నాక లాయర్లు నన్ను వెతుక్కుంటూ ఎందుకు వస్తారు అని అడిగావు. మొదటి ప్రశ్నకు నీ వృత్తిలోనివాళ్ళు నాకంటే బాగా జవాబు చెప్పగలరు. రెండో దానికి మాత్రం నేనే చెప్పాలి, ఎందుకంటే ముప్పై నాలుగేళ్ళుగా ఈ ఊరి కోర్టుల్లో మోటారు ప్రమాదాల కేసులు, వైద్య నిర్లక్ష్యం కేసులు నడిపిన నాలాంటివాళ్ళే రేపు నీకు పని ఇవ్వవలసినవాళ్ళు.

నీకు అయిదేళ్ళప్పుడు, 1998లో, ఒక కేసు వచ్చింది. వైద్యసేవలు కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తీర్పు చెప్పాక, అటువంటి ఫిర్యాదులు జిల్లా ఫోరాలకు రావడం అప్పుడప్పుడే మొదలైంది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గర్భసంచి ఆపరేషన్ జరిగిన మర్నాడే ఒకావిడ చనిపోయింది. ఆపరేషనే సరిగా చేయలేదని ఆమె భర్త గట్టిగా నమ్మాడు, నేనూ నమ్మాను, ఫిర్యాదు అదే ధోరణిలో రాసి టైపుకు కూడా ఇచ్చాను. ఎన్నో తిప్పలు పడి సంపాదించిన ఆసుపత్రి కేసు షీటు నకలును, ఆయన అనుమతి తీసుకుని, ఒక రాత్రి ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా ఉన్న మీ అమ్మ ముందు పెట్టాను. ఆపరేషన్ నోట్సు ఆమె రెండు నిమిషాల్లో చదివి పక్కన పెట్టింది. నాడి, రక్తపోటు వేసిన చార్టు దగ్గర ఆగి, స్కేలు తీసుకుని ఒక్కొక్క గడి కిందా జరుపుతూ చదివింది. రాత్రి ఎనిమిదికి నాడి 88, పదికి 104, పన్నెండుకు 118, రెండింటికి 130. రక్తపోటు 120/80 నుంచి 90/60కి దిగింది. మూత్రం సంచిలో నాలుగు గంటల వ్యవధిలో చేరింది మొత్తం 40 మిల్లీలీటర్లే. ఆ తరువాత డాక్టరు చేతిరాత కనిపించేది ఉదయం ఏడింటికే. "మీరు తప్పును ఆపరేషన్ థియేటర్లో వెతుకుతున్నారు, అది వార్డులో ఉంది. లోపల రక్తం కారుతోందని ఈ చార్టే చెబుతోంది. డ్యూటీలో ఉన్న పిల్ల అన్నీ రాసింది గాని, ఎవరికి చెప్పిందో రాయలేదు" అంది. ఫిర్యాదు మొత్తం తిరగరాశాను. ఫోరం మా వాదనను అంగీకరించింది. ఆ రాత్రి మన భోజనాల బల్ల దగ్గర మీ అమ్మ చేసిన పనికి అమెరికాలో ఒక పేరు, ఒక వృత్తి, ఒక సంఘం ఉన్నాయని నువ్వు చెప్పేదాకా మాకిద్దరికీ తెలియదు.

శిక్షణ గురించి నువ్వు పంపిన కాగితాలన్నీ చదివాను. 1989లో ఏర్పడిన అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ లీగల్ నర్స్ కన్సల్టెంట్స్ తరఫున ఎల్.ఎన్.సి.సి. అనే ధ్రువీకరణ పరీక్ష ఉంది గదా, దాన్ని నువ్వు మొదటి మెట్టుగా భావిస్తున్నట్టున్నావు. అర్హతలు మళ్ళీ ఒకసారి చూడు. రిజిస్టర్డ్ నర్సుగా అయిదేళ్ళ అనుభవం నీకు ఎలాగూ ఉంది. కాని గడచిన అయిదేళ్ళలో 2,000 గంటలు ఈ పనే చేసి ఉండాలన్నారు. ఆసుపత్రి డ్యూటీ మానకుండా వారానికి పది గంటలు చేస్తే 200 వారాలు, అంటే దాదాపు నాలుగేళ్ళు. కనుక ఆ అక్షరాలు పేరు చివర చేర్చుకోవడం పని దొరికి, నిలదొక్కుకున్నాక వచ్చే మాట. ఈలోగా వేల డాలర్లు పోసి ఏదో ఒక కోర్సు చేస్తే తప్ప ఎవరూ పని ఇవ్వరనే ప్రకటనలు నమ్మవద్దు. ఈ పని మొదలుపెట్టడానికి చట్టప్రకారం ఏ సర్టిఫికెట్టూ తప్పనిసరి కాదు. వ్యాజ్యం ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి ఒక మంచి కోర్సు చేయి, సంఘంలో సభ్యురాలివి కా, పాత సభ్యులు రాసిన నివేదికలు ఎలా ఉంటాయో చూడు. మిగతాది చేతి అలవాటు వల్లనే వస్తుంది.

డబ్బు కంటే ముందు సమయం ఖర్చుపెట్టవలసింది మీ రాష్ట్రం చట్టం మీద. టెక్సాస్ సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్ 74వ అధ్యాయాన్ని నేను రెండుసార్లు చదివాను. ప్రతివాది జవాబు దాఖలు చేసిన నాటి నుంచి 120 రోజుల్లోగా వాది నిపుణుడి నివేదిక అందజేయాలి. అందజేయకపోతే ఆ ప్రతివాది కోరిన మీదట కేసు కొట్టివేయడమే కాక, అవతలి లాయరు ఫీజు కూడా వాది చేత కట్టిస్తారు. నర్సింగ్ సేవ ఉండవలసిన తీరులో ఉందా లేదా అనే విషయం మీద అర్హత గల నర్సు నిపుణురాలిగా మాట్లాడవచ్చు. ఆ లోపం వల్లనే రోగికి హాని జరిగిందని చెప్పవలసింది మాత్రం వైద్యుడే. ఈ గీత ఎక్కడుందో నీకు కంఠతా వచ్చి ఉండాలి, ఎందుకంటే నీతో మొదటిసారి మాట్లాడే లాయరు నీకు అది తెలుసో లేదో అయిదు నిమిషాల్లో పసిగడతాడు.

ఇక నీ దగ్గరికి ఎందుకు వస్తారనే విషయం. మా బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఇక్కడ వకీలు కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోకూడదు. మీ దగ్గర బాధితుల తరఫు లాయర్లు చాలామంది గెలిస్తేనే వాటా తీసుకుంటారు, అంతవరకు నిపుణుల ఖర్చులన్నీ తామే పెట్టుకుంటారు. అటువంటివాడికి అన్నిటికంటే భయం బలహీనమైన కేసును బలమైనదనుకుని నెత్తికెత్తుకోవడం. అతడికి నువ్వు చేయగల గొప్ప ఉపకారం, మొదటి వారంలోనే ఇది నిలవదని కాగితాలు చూపించి చెప్పడం. అలా చెబితే ఆ కేసులో నీకు మరి పని ఉండదు, నిజమే. కాని నేను చూసినంతలో పని తెచ్చిపెట్టేది అదే.

దీనికి కూడా ఇంట్లో జరిగిందే చెబుతాను. మధుమేహం ఉన్న ఒక పెద్దాయన కాలు అన్యాయంగా తీసేశారని ఆయన కొడుకులు నా దగ్గరికి వచ్చారు. మీ అమ్మ కాగితాలు తిరగేసి, పదకొండో పేజీ మడిచి నా చేతికిచ్చింది. వచ్చిన రోజే కాలు తీయాలని సర్జన్ రాశాడు, మాకు వద్దని పెద్దకొడుకు కింద సంతకం చేశాడు, ఆపరేషన్ జరిగింది తొమ్మిది రోజుల తరువాత. ఈ కేసు నేను వేయనని చెబితే వాళ్ళు కోపంగా లేచి మరొకరి దగ్గరికి వెళ్ళారు. అక్కడ వేసిన కేసు ఆ సంతకం మీదే పోయింది. నేను ముందే కాదన్న సంగతి అవతలిపక్షం తరఫున వాదించిన సీనియర్ గారి చెవిన పడి, ఆ తరువాత ఆయనే బీమా కంపెనీల ఫైళ్ళు నాకు పంపడం మొదలుపెట్టారు. నువ్వు కూడా బాధితుల తరఫువాళ్ళకే, ఆసుపత్రుల తరఫువాళ్ళకే అని గిరి గీసుకోకు. రెండువైపులా పనిచేసిన మనిషి అభిప్రాయానికి లాయర్ల దగ్గర విలువ ఎక్కువ.

ఎక్కడ మొదలుపెట్టాలంటే పెద్ద సంస్థల దగ్గర కాదు, వాటిలో చాలావాటికి సొంత నర్సులు ఉంటారు. ఇద్దరు ముగ్గురు లాయర్లు కలిసి నడుపుకునే చిన్న ఆఫీసులకు ఉత్తరం రాయి. మా వృత్తిలో ప్రకటన చేసుకోవడం ఇక్కడ నిషేధం, నీకు ఆ అడ్డు లేదు. ఉత్తరంలో నీ చదువు గురించి రెండు వాక్యాలు చాలు. దానితోపాటు కల్పిత రోగి పేరుతో తయారుచేసిన ఒక నమూనా జతచేయి: తేదీ, సమయం, ఏం జరిగింది, ఎవరు రాశారు, ఏ పేజీ అని వరుసలుగా ఉన్న పట్టిక, చివర దొరకని కాగితాల జాబితా. జరిగినదాన్ని, నీ అభిప్రాయాన్ని ఒకే వాక్యంలో కలపవద్దు. ఆరువందల పేజీల రికార్డు ఎనిమిది పేజీలై కళ్ళముందు కనిపిస్తే ఏ లాయరైనా ఆగి చదువుతాడు. నీ ఐసీయూ అనుభవం అక్కడే బయటపడుతుంది: మందు ఇచ్చిన సమయం ఒకటి, కంప్యూటరులో నమోదైన సమయం మరొకటి అయినప్పుడు, ఆ తేడా చూపే లాగ్, అంటే కంప్యూటరు నమోదుల చిట్టా, కూడా తెప్పించమని నువ్వే అడగగలవు, మాకు ఆ ప్రశ్న తట్టదు.

ఇంకొకటి. గుంటూరులో ఏ ప్లీడరు దగ్గర ఏ ఫైలు ముందుకు కదలడం లేదో ప్లీడరు కంటే ముందు గుమాస్తాకు తెలుస్తుంది. మీ దగ్గర ఆ స్థానంలో పారాలీగల్స్ ఉంటారు. వాళ్ళతో గౌరవంగా మాట్లాడు, వాళ్ళ ఫోనుకు ఆలస్యం చేయకుండా జవాబివ్వు. నైపుణ్యం సమానంగా ఉన్న ఇద్దరిలో ఎవరిని పిలవాలో చెప్పేది సాధారణంగా వాళ్ళే.

ఫీజు గంటలెక్కన, రాతపూర్వకమైన ఒప్పందంతో, కొంత అడ్వాన్సు తీసుకున్నాకే పని మొదలుపెట్టు. గెలిస్తే వాటా ఇస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకు, వాటా ఉన్న మనిషి మాట కోర్టులో చెల్లదు, నీ మనసులో కూడా త్రాసు నిటారుగా నిలవదు. ఏ నివేదికైనా రాసే ముందు, ఫోనులో చెప్పమంటారా, కాగితం మీద పెట్టమంటారా అని లాయరును అడుగు. తెర వెనుక సలహా ఇచ్చేదానికి, సాక్షిగా నిలబడేదానికి తేడా ఉంది, సాక్షివైతే నువ్వు రాసినది అవతలివాళ్ళ చేతికి వెళ్ళవచ్చు.

నువ్వు పనిచేస్తున్న ఆసుపత్రికి సంబంధించిన కేసు ఎంత ఫీజిస్తామన్నా తీసుకోకు. మీ అమ్మ ప్రభుత్వాసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ అక్కడి కేసయితే ఆ కట్ట విప్పనే లేదు. ప్రభుత్వోద్యోగి కావడం వల్ల మిగతావాటికి కూడా ఒక్క రూపాయి తీసుకోలేదు. ఆ పనికి తగిన ప్రతిఫలం నీకైనా దక్కాలని ఆమెకు ఎంత కోరికో నాకు తెలుసు, ఆమె నీతో అనదు.

డ్యూటీ ఒక్కసారిగా మానేయవద్దని అమ్మ మరీమరీ రాయమంది. వార్డు వదిలి ఏళ్ళయిన నర్సు మాట కంటే నిన్న రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు మాటకు బరువెక్కువ, అందులో ఆమెతో నేను ఏకీభవిస్తున్నాను.

పేర్లన్నీ నల్ల ఇంకుతో కొట్టేసిన పాత కేసు షీటు ఒకటి, 143 పేజీలు, రేపు స్కాన్ చేయించి పంపుతాను. నెల రోజుల్లో దానికి కాలక్రమ పట్టిక తయారుచేసి పంపు. నా కూతురివని చూడకుండా, కొత్త లాయరు చదివినట్టే చదివి ఎర్ర సిరాతో తిప్పి పంపుతాను. అందులో కేసు ఉందో లేదో చివర ఒక్క వాక్యంలో రాయి. జవాబు అమ్మకు తెలుసు, ఆమెను ఫోనులో అడగకు.

ఆశీస్సులతో,
నాన్న